ఓటమి ఎరుగని గామా: కుస్తీకి కీర్తిని, అపకీర్తిని తెచ్చిన 1910

వృత్తి కుస్తీ చరిత్రలో 1910 సంవత్సరానికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఆ క్రీడలోని ఉత్తమ లక్షణాలు, అధమ లక్షణాలు రెండూ ఆ ఒక్క ఏడాదిలోనే బయటపడ్డాయి. ఆ రెండింటికీ నడుమ నిలిచిన వ్యక్తి భారతీయ మల్లయోధుడు గామా పహిల్వాన్. పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి లండన్ వెళ్లిన ఆయనను తొలుత ఎవరూ లెక్కచేయలేదు. నాలుగైదు నెలలు గడిచేసరికి ఆయనతో తలపడడానికి పేరు మోసిన వస్తాదులే వెనుకంజ వేశారు. ఆయనకు దక్కిన ప్రపంచ విజేత పట్టం మాత్రం ప్రత్యర్థిని చిత్తు చేసినందువల్ల గాక, ప్రత్యర్థి గోదాలోకి రానందువల్ల దక్కింది. ఆ వెలితి తీరడానికి పద్ధెనిమిదేళ్లు పట్టింది.

ఓటమి ఎరుగడన్న ప్రతీతితోనే 1960 మే 23న లాహోర్‌లో గామా కన్నుమూశారు. అప్పటికి ఆయన పుట్టిన ఊరు ఒక దేశంలోను, మరణించిన ఊరు మరొక దేశంలోను ఉన్నాయి.

పదేళ్ల వయసులో తొలి ఘనత

గామా అసలు పేరు గులాం మహమ్మద్. పంజాబులోని అమృత్‌సర్ ప్రాంతంలో 1878లో కాశ్మీరీ మల్లయోధుల కుటుంబంలో ఆయన జన్మించారు. తండ్రి అజీజ్ బక్ష్ నేటి మధ్యప్రదేశ్‌లోని దతియా సంస్థానంలో ఆస్థాన మల్లుడు. గామాకు ఆరేళ్ల వయసులోనే తండ్రి మరణించడంతో మాతామహుడు, ఆ తర్వాత మేనమామ ఆయనను చేరదీసి తాలింఖానాలో తర్ఫీదు ఇచ్చారు.

పదేళ్ల ప్రాయంలో ఆయన పేరు తొలిసారిగా నలుగురికీ తెలిసింది. 1888లో జోధ్‌పూర్ మహారాజు జస్వంత్ సింగ్ దేశం నలుమూలల నుంచి మల్లయోధులను పిలిపించి బస్కీల పోటీ ఏర్పాటు చేశారు. నాలుగు వందల మందికి పైగా పాల్గొన్న ఆ పోటీలో ఒక్కొక్కరే అలసి తప్పుకోగా చివరకు పదిహేను మంది మిగిలారు. వారిలో గామా ఒకరు. తోటివారంతా ఆరితేరిన వస్తాదులు కాగా ఒక పసివాడు వారితో సమానంగా నిలవడాన్ని చూసి మహారాజు ఆయననే విజేతగా ప్రకటించారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆ బాలుడు మంచం దిగలేకపోయినట్లు చెబుతారు. తండ్రిని పోషించిన దతియా సంస్థానమే కుమారుని శిక్షణ భారాన్నీ స్వీకరించింది.

నాటి కుస్తీకి సంస్థానాధీశుల ఆదరణే ప్రాణాధారం. మల్లయోధునికి పాలు, నెయ్యి, బాదం పప్పు, మాంసం సమకూర్చడం సామాన్య కుటుంబాలకు శక్తికి మించిన పని. రాజులు తమ ఆస్థాన మల్లులను పోషించి, పొరుగు సంస్థానాల మల్లులతో పోటీలు పెట్టి, గెలుపును తమ ప్రతిష్ఠగా భావించేవారు. వాణిజ్య ప్రదర్శనల రోజులు రాక మునుపు మన దేశంలో వృత్తి కుస్తీ అంటే అదే.

వయసు వచ్చిన తర్వాత గామా రోజుకు అయిదు వేల బస్కీలు, మూడు వేల దండీలు తీసేవారనీ, వాటికి తోడు నలభై మంది తోటి మల్లులతో పట్లు పట్టేవారనీ ప్రచారంలో ఉన్నది. ఈ లెక్కల్లో అతిశయోక్తి ఎంతో కొంత ఉండవచ్చు. కఠోర సాధన విషయంలో మాత్రం ఆయనకు సాటి లేరన్న అభిప్రాయంలో భేదం లేదు. బరోడా మ్యూజియంలో భద్రపరచిన ఒక బండరాతిపై, 1902లో గామా దానిని ఎత్తినట్లు చెక్కి ఉన్నది.

ఎత్తుకు పైఎత్తు: రహీం బక్ష్‌తో పోరు

గామా ఎత్తు సుమారు అయిదు అడుగుల ఏడంగుళాలు. నాడు దేశంలో అగ్రశ్రేణి మల్లుడుగా పేరొందిన గుజ్రన్‌వాలాకు చెందిన రహీం బక్ష్ సుల్తానీవాలా దాదాపు ఏడడుగుల ఆజానుబాహువు. వీరిద్దరి మధ్య తొలి పోటీ 1895 ప్రాంతంలో జరిగింది. నవయువకుడైన గామా ఒకటి రెండు నిమిషాలు కూడా నిలవడని అనుకున్న ప్రేక్షకుల అంచనా తలకిందులయింది. గంటల తరబడి సాగిన కుస్తీ ఎటూ తేలకుండా ముగిసింది. ముక్కు నుంచి, చెవి నుంచి నెత్తురు కారుతున్నా గామా పట్టు సడలించలేదని చెబుతారు.

ఆ తర్వాత వీరిద్దరూ మళ్లీ తలపడినా ఫలితం తేలలేదు. ఇతర సంస్థానాల మల్లులు మాత్రం గామా ముందు నిలవలేకపోయారు. 1910 నాటికి రహీం బక్ష్ మినహా ఆయనకు స్వదేశంలో ఎదురు లేకుండా పోయింది. దానితో ఆయన దృష్టి సముద్రాల ఆవలి గోదాల వైపు మళ్లింది.

ఐరోపాలో, అమెరికాలో అప్పటికే కుస్తీ వాణిజ్య ప్రదర్శనగా మారింది. రష్యన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన జార్జి హేకెన్‌స్మిత్ లండన్ నాటకశాలల్లో కుస్తీకి అమితమైన ప్రజాదరణ తెచ్చాడు. 1908లో చికాగోలో ఆయనను ఓడించిన అమెరికన్ ఫ్రాంక్ గాచ్ ప్రపంచ విజేతగా చలామణీ అవుతున్నాడు. వసూళ్ల కోసం ముందే ఒప్పందం చేసుకుని ఆడే ఉత్తుత్తి కుస్తీలు ఎక్కువ కావడంతో ప్రేక్షకులలో అనుమానాలు కూడా పెరిగాయి. గెలుపు నిజమైనదా, నటనా అన్న ప్రశ్న ఆ వృత్తిని వెంటాడసాగింది.

చికాగోలో ఆరు సెకన్లు

ఆ ఏడాది చెడు ఘట్టాలలో మొదటిది గామాతో సంబంధం లేకుండానే జరిగింది. జూన్ 1న చికాగోలో గాచ్‌తో పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిష్కో తలపడ్డాడు. అంతకు ముందు ఏడాది ఇదే జిబిష్కో గంట సేపు గాచ్‌ను నిలువరించి సమానంగా నిలిచాడు. అందువల్ల చికాగో పోటీపై అంచనాలు మిన్నంటాయి. అయితే కుస్తీకి ముందు మర్యాదగా చేయి కలపడానికి జిబిష్కో ముందుకు రాగా, గాచ్ మెరుపులా అతని కాళ్లు అందుకుని ఆరు సెకన్లు తిరిగేసరికి వీపు నేలకు ఆనించాడు. జిబిష్కో ఎంతగా అభ్యంతరం చెప్పినా ప్రయోజనం లేకపోయింది. రెండో ఆటలోనూ గాచ్‌దే విజయం.

ఏమరుపాటు ఎంత ప్రమాదకరమో ఆ పరాజయం జిబిష్కోకు నేర్పింది. మూడు నెలల తర్వాత లండన్‌లో అతడు అనుసరించిన అతి జాగ్రత్తకు మూలం ఇక్కడే ఉన్నదని భావించవచ్చు.

లండన్‌లో సవాలు

తమ్ముడు ఇమాం బక్ష్, మరికొందరు మల్లయోధులతో కలసి గామా అదే ఏడాది లండన్ చేరుకున్నారు. బెంజమిన్ అనే ఆంగ్లేయ నిర్వాహకుడు ఈ బృందం పోటీలను ఏర్పాటు చేసే బాధ్యత తీసుకున్నాడు. తొలుత పరిస్థితి నిరుత్సాహం కలిగించింది. భారీ కాయులకు అలవాటు పడిన లండన్ నిర్వాహకులు ఈ పొట్టి మనిషిని పెద్ద పోటీలకు తగినవాడుగా పరిగణించలేదు.

గామా దీనికి బహిరంగ సవాలుతో సమాధానం చెప్పారు. బరువుతో నిమిత్తం లేకుండా ఏ ముగ్గురు మల్లులు వచ్చినా అరగంటలో ఓడిస్తానని ప్రకటించారు. ఇది ప్రచారం కోసం చేసిన ప్రగల్భమని పలువురు కొట్టిపారేశారు. గాచ్, జిబిష్కోలను పేరు పెట్టి పిలిచినా వెంటనే స్పందన రాలేదు.

చివరకు ముందుకు వచ్చిన వ్యక్తి అమెరికన్ బెంజమిన్ రోలర్. వృత్తి రీత్యా వైద్యుడైన రోలర్ ఎత్తులోనూ బరువులోనూ గామాను మించినవాడు. ఆగస్టు 8న అల్హాంబ్రా నాటకశాలలో వీరిద్దరూ తలపడ్డారు. గామా మొదటి ఆటను రెండు నిమిషాలలోపే, రెండో ఆటను పది నిమిషాలలోపే ముగించారు. ఆనాటి నుంచి లండన్ పత్రికల ధోరణి మారిపోయింది. సెప్టెంబరు తొలి వారంలో ఇమాం బక్ష్ కూడా స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ లెమ్‌ను కొద్ది నిమిషాల్లోనే వరుసగా రెండుసార్లు చిత్తు చేశారు. అన్నదమ్ములిద్దరూ చూపిన వేగం, శుభ్రమైన పట్లు నిజమైన కుస్తీ ఎలా ఉంటుందో లండన్ ప్రేక్షకులకు చూపాయి. ఆ ఏడాదిలో ఈ క్రీడకు దక్కిన మేలిమి ఘట్టాలు ఇవేనని చెప్పాలి.

రెండున్నర గంటల ప్రతిష్టంభన

రోలర్ పరాజయంతో జిబిష్కో ఇక తప్పుకోలేకపోయాడు. జాన్ బుల్ పత్రిక పేరిట ఏర్పాటైన ప్రపంచ విజేత పోటీ సెప్టెంబరు 10న లండన్‌లోని వైట్ సిటీ స్టేడియంలో జరిగింది. విజేతకు 250 పౌండ్ల నగదుతో పాటు జాన్ బుల్ నడికట్టు బహుమతిగా నిర్ణయించారు.

పోటీ మొదలైన నిమిషంలోపే గామా ప్రత్యర్థిని నేలకు దించారు. జిబిష్కో బోర్లా పడుకుని, చేతులూ కాళ్లూ చాపి, నేలకు కరచుకుని ఉండిపోయాడు. కుస్తీలో గెలవాలంటే ప్రత్యర్థి రెండు భుజాలూ నేలకు ఆనించాలి. గామా కంటే ఎంతో బరువైన మనిషి కేవలం తన భారాన్నే ఆయుధంగా చేసుకుని తిరగబడకుండా పడి ఉంటే, అతనిని వెల్లకిలా తిప్పడం దుస్సాధ్యమయింది. గామా తనకు తెలిసిన పట్లన్నీ ప్రయోగించారు. జిబిష్కో ఒకటి రెండుసార్లు లేచినట్లే లేచి మళ్లీ బోర్లా పడ్డాడు. రెండున్నర గంటలకు పైగా ఇదే తంతు సాగింది. మసక చీకట్లు కమ్ముకోవడంతో పోటీని ఆపివేసి, ఫలితం తేలలేదని ప్రకటించి, సెప్టెంబరు 17న మళ్లీ తలపడాలని నిర్ణయించారు.

నియమాల దృష్ట్యా జిబిష్కో చేసిన దానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బలవంతుడైన శత్రువు నుంచి ఓటమిని తప్పించుకోవడం కూడా ఒక విద్యే. అయితే ప్రపంచ విజేతను తేల్చే పోటీలో ఒకరు గెలవడానికి, మరొకరు కేవలం ఓడకుండా ఉండడానికి ప్రయత్నించడం చూసిన ప్రేక్షకులు తీవ్ర నిరాశకు లోనయ్యారు. పత్రికలు జిబిష్కోను దుయ్యబట్టాయి.

అంతకు మించిన నిరాశ వారం తర్వాత ఎదురయింది. నిర్ణీత దినాన గామా గోదాలో సిద్ధంగా నిలిచినా జిబిష్కో జాడ లేదు. నిర్వాహకులు గామాను విజేతగా ప్రకటించి నడికట్టు, నగదు అందజేశారు. ఒక భారతీయుడు ప్రపంచ విజేత పట్టాన్ని సాధించాడు. ఆ సాధించిన తీరు మాత్రం ఆయనకే తృప్తి కలిగించలేదు. గాచ్ అమెరికా వదలి రాలేదు. హేకెన్‌స్మిత్‌తో పోటీ కుదరలేదు. తమ పేరుకు మచ్చ వచ్చే పోటీ కంటే మౌనమే మేలన్న ధోరణి నాటి అగ్రశ్రేణి మల్లులలో కనిపించింది. ఎదుర్కొనేవారు లేకపోవడంతో గామా స్వదేశానికి తిరుగు ప్రయాణం కట్టారు.

వంగ విభజన వ్యతిరేకోద్యమం జరిగి అప్పటికి అయిదేళ్లే అయింది. శారీరకంగా భారతీయులు దుర్బలులన్న పాలకుల ప్రచారానికి గామా విజయం సమాధానంగా దేశ ప్రజలు భావించారు. ఇదే కాలంలో మన వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు తన బల ప్రదర్శనలతో దేశవ్యాప్తంగా ఖ్యాతి గడించడం తెలుగు పాఠకులకు తెలిసిందే.

అలహాబాదు నుంచి పాటియాలా వరకు

తిరిగి వచ్చిన గామాకు స్వదేశంలో ఒక లెక్క మిగిలి ఉన్నది. అలహాబాదులో రహీం బక్ష్ సుల్తానీవాలాతో ఆయన మరోసారి తలపడ్డారు. సుదీర్ఘంగా సాగిన ఆ పోరులో రహీం బక్ష్ గాయపడి తప్పుకోవడంతో గామాకు రుస్తుం-ఎ-హింద్ బిరుదు దక్కింది. తన జీవితంలో ఎదురైన ప్రత్యర్థులందరిలోకీ బలశాలి రహీం బక్షేనని ఆయన తర్వాతి కాలంలో అంగీకరించేవారు.

పాటియాలా మహారాజు భూపిందర్ సింగ్ ఆయనను ఆదరించారు. 1910లో తేలని ఫలితాన్ని తేల్చాలన్న పట్టుదల కూడా మహారాజుదే. మధ్యకాలంలో జిబిష్కో అమెరికాలో స్థిరపడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం అక్కడి వృత్తి కుస్తీ పూర్తిగా నిర్వాహకుల గుప్పిట్లోకి వెళ్లి, ఎవరు గెలవాలో ముందే నిర్ణయించే స్థితి వచ్చింది. 1925లో ఫిలడెల్ఫియాలో వేన్ మన్ అనే నామమాత్రపు విజేత చేతిలో ఓడిపోవలసిన జిబిష్కో, ఒప్పందాన్ని తోసిపుచ్చి అతనిని నిజంగానే చిత్తు చేసి సంచలనం సృష్టించాడు. లండన్‌లో గామా ముందు బోర్లా పడుకున్న మనిషే నిజమైన కుస్తీ తెలిసినవాడు కావడం ఈ చరిత్రలోని ఒక విచిత్రం.

1928 జనవరిలో పాటియాలాలో ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. ఇద్దరికీ యాభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన ప్రాంగణం వేలాది జనంతో కిటకిటలాడింది. సంస్థానాధీశులు, బ్రిటిష్ అధికారులు తరలివచ్చారు. ఈసారి జిబిష్కో బోర్లా పడుకోలేదు. చేతులు కలిపి, ముందుకు దూకాడు. నిమిషం గడవకముందే అతని వీపు మట్టిని తాకింది. పద్ధెనిమిదేళ్ల ప్రశ్నకు నిమిషంలోపే జవాబు దొరికింది. మట్టి గోదా తనకు అలవాటు లేదన్న సాకు చెప్పకుండా జిబిష్కో ఓటమిని హుందాగా అంగీకరించి గామా గొప్పదనాన్ని కొనియాడాడు. రుస్తుం-ఎ-జమానా, అంటే లోకవీరుడు అన్న బిరుదు ఆనాటితో గామాకు స్థిరపడింది. మరుసటి ఏడాది పీటర్సన్ అనే మరొక పాశ్చాత్య మల్లుణ్ణి కూడా ఆయన రెండు నిమిషాలలోపే ఓడించారు. ఆ తర్వాత ఆయనతో తలపడే స్థాయి గలవారు దాదాపు కరవయ్యారు.

విభజన మిగిల్చిన విషాదం

గోదాలో తిరుగులేని గామాను జీవితం మాత్రం పదేపదే దెబ్బతీసింది. ఆయన కుమారులు చిన్న వయసులోనే మరణించారు. మిగిలిన చివరి కుమారుడు కూడా 1945 ప్రాంతంలో బాల్యం వీడకముందే కన్నుమూయడంతో ఆయన కుంగిపోయారు.

1947లో దేశ విభజన జరిగింది. లాహోర్‌లో స్థిరపడిన గామా, అల్లర్ల రోజులలో తాను నివసించే మోహినీ రోడ్డులోని హిందూ కుటుంబాలకు అండగా నిలిచారు. దాడికి వచ్చిన మూకను ఆయనే స్వయంగా అడ్డుకున్నారనీ, ఆ కుటుంబాలు సరిహద్దు దాటే సమయంలో తన ఖర్చుతో ఆహార పదార్థాలు సమకూర్చారనీ చెబుతారు. ఈ ఘట్టానికి ప్రేక్షకులూ లేరు, నడికట్టూ లేదు. ఆయన జీవితంలోని విజయాల జాబితాలో మాత్రం దీనిని అన్నింటికంటే పైన ఉంచేవారు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు.

సంస్థానాలు అంతరించడంతో మల్లయోధులను పోషించే చేతులు కూడా లేకుండా పోయాయి. పాటియాలా సరిహద్దుకు ఆవల మిగిలిపోయింది. పాకిస్తాన్ ప్రభుత్వం కొంత భూమి, భృతి మంజూరు చేసినా, వ్యాధిగ్రస్తుడైన గామా చివరి సంవత్సరాలలో ఆర్థిక ఇబ్బందులు ఎదుర్కొన్నారు. ఈ వార్త తెలుసుకున్న భారత పారిశ్రామికవేత్త ఘనశ్యాందాస్ బిర్లా ఆయనకు ఆర్థిక సహాయం పంపారు. రెండు దేశాల మధ్య రాకపోకలే కష్టమైన ఆ రోజుల్లో ఒక మల్లుని పట్ల అభిమానం సరిహద్దు దాటడం గమనార్హం.

వారసత్వం

గామా వారసత్వాన్ని ఇమాం బక్ష్ కుమారులు కొనసాగించారు. భోలూ సోదరులుగా వారు పాకిస్తాన్‌లో ప్రసిద్ధులయ్యారు. వృత్తి కుస్తీ స్వభావం మాత్రం మారిపోయింది. 1976 డిసెంబరులో కరాచీలో జపాన్ మల్లుడు ఆంటోనియో ఇనోకితో తలపడిన అక్రం చేతికి తీవ్ర గాయమై పరాజయం పాలయ్యాడు. 1979లో ఆ కుటుంబానికే చెందిన యువకుడు ఝారా లాహోర్‌లో ఇనోకిని నిలువరించి వంశ ప్రతిష్ఠను నిలబెట్టాడు. పాకిస్తాన్ మాజీ ప్రధాని నవాజ్ షరీఫ్ భార్య, 2018లో మరణించిన కుల్సూం నవాజ్ గామాకు మనుమరాలు.

భారతదేశంలో కుస్తీ రెండు పాయలుగా చీలింది. దారా సింగ్ వంటివారు వృత్తి కుస్తీతో వేలాది ప్రేక్షకులను ఆకట్టుకోగా, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఖాషాబా జాదవ్ కాంస్య పతకం సాధించడంతో ఔత్సాహిక కుస్తీకి కొత్త దారి ఏర్పడింది. సంస్థానాల పోషణ స్థానాన్ని క్రమంగా ప్రభుత్వ ఉద్యోగాలు, క్రీడా సంస్థలు తీసుకున్నాయి.

గామా ఖ్యాతి మాత్రం తరగలేదు. చలనచిత్రాల ద్వారా ప్రపంచ ప్రసిద్ధుడైన బ్రూస్ లీ ఆయన సాధన పద్ధతులను శ్రద్ధగా అధ్యయనం చేశాడు. 2022 మే 22న గామా 144వ జయంతి సందర్భంగా గూగుల్ సంస్థ తన ముఖపత్రంపై ఆయన చిత్రాన్ని ఉంచింది. జిబిష్కో 1967లో అమెరికాలో మరణించాడు. గామాతో రెండుసార్లు తలపడినవాడుగా అతని పేరు కూడా ఉపఖండంలో నిలిచిపోయింది.

గెలుపు లెక్కలలో నమోదైన 1910 నాటి పట్టం కంటే, ప్రత్యర్థి నిలబడి పోరాడినప్పుడు 1928లో దక్కిన ఫలితమే గామాకు నిజమైన తృప్తినిచ్చి ఉండాలి. ఓడకుండా ఉండడం వేరు, గెలవడం వేరు. వైట్ సిటీ స్టేడియంలో గడచిన ఆ రెండున్నర గంటలు ఈ తేడాను కుస్తీ లోకానికి తెలియజెప్పాయి.